పరగడుపు పొట్లాలు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలవడానికి వారం ముందు మా వదిన గీతికకు రక్తం నేనే తీశాను. అప్పటికి ఆమెకు నాలుగో నెల. అంతకు ముందు రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఈసారి మూడు దాటేసరికి మా ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయపడుతున్నాం.

నేను ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్ని. తొమ్మిదేళ్ళ సర్వీసు. ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంటానని పేరు. నాచారంలో మా గల్లీవాళ్ళు రిపోర్టు రాగానే ముందు మా ఇంటికి వచ్చేవాళ్ళు, డాక్టరు దగ్గరికి ఆ తర్వాతే. "ప్రవీణా, జర సూడు" అంటే చాలు, గడపలో నిలబడే చెప్పేసేదాన్ని. అంకె లావు అక్షరాల్లో ఉంటే తేడా, మామూలు అక్షరాల్లో ఉంటే బాగున్నట్టు. నాకు తెలిసిన వైద్యం అంతే. సగం డాక్టరమ్మ అని పిలిచేవాళ్ళు, నేనూ కాదనేదాన్ని కాదు.

వదిన రిపోర్టులో లావు అక్షరాలు మూడు చోట్ల ఉన్నాయి. రక్తం తొమ్మిదిన్నర. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ ఆరు, కనీసం పదిహేనన్నా ఉండాలి. విటమిన్ డి పదకొండు, ముప్పై ఉండాలి. థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ మాత్రం రెండున్నర. మూడేళ్ళుగా ఆమె థైరాయిడ్ గోలీ మీదే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆ అంకె మూడు దాటకూడదని ఏఎస్ రావు నగర్‌లో వదినను చూసే డాక్టర్ కామాక్షి గారు ముందే చెప్పారు. ఈ రిపోర్టు చూసి, థైరాయిడ్ గోలీ తెల్లవారి పరగడుపున, ఐరన్ గోలీ మధ్యాహ్నం, క్యాల్షియం రాత్రి భోజనం తర్వాత, ఆదివారం ఆదివారం డి పొడి పాలలో కలుపుకుని, అని రాసిచ్చారు.

ఆ చీటీ నాకు నచ్చలేదు. నేను పొద్దున ఆరున్నరకల్లా ల్యాబులో ఉండాలి, తిరిగొచ్చేసరికి సాయంత్రం. మధ్యాహ్నం గోలీ ఈమె వేసుకుందో లేదో ఎవరు చూడొచ్చారు? రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, గోలీలు బిడ్డకు వేడి చేస్తాయని ఎవరో చెబితే నమ్మి మూడు వారాలు మానేసింది. అది పోయాక గానీ మాకు చెప్పలేదు. అప్పటినుంచీ నాకు ఆమె మీద ప్రేమ ఉంది గానీ నమ్మకం లేదు.

అందుకని పొట్లాలు కట్టాను. మా నాయిన చెన్నయ్యకు నాచారంలో కిరాణా కొట్టు ఉండేది. ఆయన పోయాక కొట్టు మూసేశాం గానీ, జీలకర్ర పొట్లం జారకుండా మడత ఎలా వేయాలో నా వేళ్ళు మర్చిపోలేదు. ల్యాబులో పారేసే కాగితాలు చతురస్రాలుగా కత్తిరించి, ఒక్కోదాంట్లో థైరాయిడ్ ఒకటి, ఐరన్ ఒకటి, క్యాల్షియం ఒకటి పెట్టి మడిచి, పైన వారం పేరు, కింద 'పరగడుపు' అని రాశాను. వాటిని బిస్కెట్ల డబ్బాలో వరసగా పేర్చాను. అంత ముచ్చటగా కుదిరేసరికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి రోజు పొద్దున ఆరింటికి గ్లాసు పాలూ పొట్లమూ వదిన చేతికిచ్చాను.

"ఐరన్ మధ్యాహ్నం వేసుకోమన్నారు కదా ప్రవీణా?" అంది.

"మధ్యాహ్నం నేనుండ. కడుపులకు పోయినంక అన్నీ ఒక్కటే వదినా. నా కండ్ల ముంగట మింగు."

ఆమె నా ముఖం వంక ఒక క్షణం చూసి మూడూ ఒకేసారి నోట్లో వేసుకుని పాలు తాగింది. ఖాళీ కాగితం పారేయకుండా సాపు చేసి దిండు కింద పెట్టుకుంది. ఎందుకని అడిగితే నవ్వింది.

"రోజుకొకటి. బిడ్డ నిలబడిన రోజులు లెక్కపెట్టుకుంటున్నా."

* * *

సమ్మె మొదలైంది. మా అన్న సాయి కుమార్ ఆర్టీసీ కండక్టరు. బస్సులు డిపోలో ఆగిపోయాయి, అన్న పొద్దస్తమానం డిపో ముందు టెంటులో ఉండేవాడు. వదినవాళ్ళది భీమవరం వైపు. ఇరవై ఏళ్ళ కింద ఉప్పల్ వచ్చి స్థిరపడ్డారు. అన్న బస్సులోనే కాలేజీకి వెళ్ళేది వదిన, అలాగే పెళ్ళిదాకా వచ్చింది. మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తురాని సంగతి ఆ సమ్మె రోజుల్లో ఇంట్లోకి వచ్చి కూర్చుంది. టీవీలో వార్తలు మొదలవగానే వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా అమ్మ మైసమ్మ టీవీ సౌండు తగ్గించేది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, అనకుండా ఉండడానికే అందరం కష్టపడ్డాం.

నాలుగు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. బస్సుల్లేవు, ఆటోలు దొరకవు, నా స్కూటీ మీద కుదుపులంటే భయం. రక్తం నేనే ఇంట్లో తీయొచ్చు గానీ, అంత తొందరేమీ లేదనుకున్నాను. "గోలీలు నేనే ఇస్తున్న గద, ఏం ఫికర్ లేదు, బస్సులు నడిచినంక పోదాం" అన్నది నేనే.

సద్దుల బతుకమ్మ రోజు గల్లీలో ఆడవాళ్ళందరం బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే వదినను కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అంత సందడిలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోపలికి దిగబడ్డాయి. అందరికీ చెమటలు కారుతుంటే ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది.

"కడుపుతోని ఉంటే గట్లనే అలుపుంటది, నీళ్ళు వడతయ్" అంది అమ్మ.

నాకూ అదే నిజమనిపించింది. పొట్లాలు సగం అయిపోయాయి కదా అన్న ధైర్యం.

పండుగ అయిన పది రోజులకు వదిన వాళ్ళమ్మ కనకమహాలక్ష్మి ఉప్పల్ నుంచి నడిచి వచ్చింది. కూతురి ముఖం చూడగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"ఏమిటే ఇలా అయిపోయావు? ముఖమంతా వాచిపోయి, మాట కూడా నిదానమైపోయింది! వదినగారూ, పిల్లను ఎవరికైనా చూపించారా?"

"మస్తు మంచిగ సూసుకుంటున్నం వదినా, మా ప్రవీణ ఉన్నది గద" అంది అమ్మ.

ఆ మాటకు నేను మరునాడు పొద్దునే ల్యాబుకు పోయే ముందు ఇంట్లోనే వదినకు రక్తం తీసి, సాంపిల్ చేత్తో పట్టుకుపోయాను. సింగరేణి బొగ్గు గనుల్లో కూడా సమ్మె, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. జనరేటరు మీద మిషను నడిపించాం. పదకొండింటికి టీఎస్‌హెచ్ వచ్చింది. పద్నాలుగు పాయింట్ ఎనిమిది.

కరెంటు వల్ల మిషను తప్పు చూపించిందనుకున్నాను. మళ్ళీ పెట్టాను. పద్నాలుగు పాయింట్ ఆరు. మూడోసారి పెట్టబోతే మా ఇన్‌ఛార్జి వద్దన్నాడు. కాగితం మీద మిగతా అంకెలు కూడా ఉన్నాయి. వాటి వంక చూశాను గానీ చదవలేదు. నాకు కనపడిందల్లా ఆ ఒక్క లావు అంకె.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. కనకమహాలక్ష్మి గారు ఇంకా ఉన్నారు, అన్న అప్పుడే అన్నానికొచ్చాడు. వాళ్ళందరి ముందే అడిగాను.

"నిజం చెప్పు వదినా. నా ముంగట నోట్లేసుకొని, నేను గడప దాటంగనే ఉమ్మేస్తున్నవా?"

వదిన తెల్లబోయింది. "లేదు ప్రవీణా."

"మరి మూడు ఉండాల్సింది పదిహేనెట్లయితది? గోలీ మింగినోళ్ళకు గిట్లయితదా? అప్పుడు కూడా గిట్లనే జేసినవ్. మూడు వారాలు మమ్మల్ని మోసం జేసినవ్."

వదిన ఏడవలేదు. లోపలికి వెళ్ళి దిండు కింది కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"నలభై ఒకటి ఉన్నాయి. ఒక్క రోజు మానలేదు. బిడ్డ మీద ఒట్టు."

"కాగితాలు దాస్తే మింగినట్టా?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

అన్న కంచం పక్కకు నెట్టి లేచి, వదిన ఎదురుగా కూర్చున్నాడు. "గీతా, ఏమన్న ఉంటే నాతోని చెప్పు. నేనేమన" అన్నాడు మెల్లగా. అతను కూడా నమ్మలేదని ఆ మెల్లదనంలోనే తెలిసింది ఆమెకు. అప్పుడు ఏడ్చింది.

"రేపు డాక్టరు గారికి చూపించండి. ఆ తర్వాత మా అమ్మాయిని నేను తీసుకెళ్ళిపోతాను" అన్నారు కనకమహాలక్ష్మి గారు.

* * *

ఫోన్ చేస్తే కామాక్షి గారు, వేసుకుంటున్న మందులన్నీ తీసుకుని వెంటనే రమ్మన్నారు. మరునాడు నా స్కూటీ మీద వదినను ఎక్కించుకుని మల్లాపూర్ మీదుగా బయలుదేరాను. అన్న బండికి సీటు ఎత్తు, ఆమె ఎక్కలేదు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా కాళ్ళు కిందపెట్టి నడిపాను. ఇద్దరి మధ్యా బిస్కెట్ల డబ్బా ఉంది.

మల్లాపూర్ దాటాక రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ళ వంటావార్పు. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు, చుట్టూ జనం.

"నువ్వు మాట్లాడకు వదినా, నేను చెప్త" అన్నాను తల తిప్పకుండానే. ఆమె యాస వింటే ఎవరేమంటారోనని.

గరిటె పట్టుకున్న ముసలమ్మ ఒకామె వదిన కడుపు వంక చూసి గట్టిగా అరిచింది. "కడుపుతోని ఉన్న బిడ్డ, తొవ్వ ఇయ్యున్రి!" మనుషులు పక్కకు జరిగారు. ఇద్దరు కుర్రాళ్ళు పొయ్యి రాళ్ళు కూడా జరిపారు. వదిన నా మాట వినలేదు. "చల్లగా ఉండండమ్మా" అంది, అచ్చంగా తన భాషలోనే. ముసలమ్మ ఆమె గడ్డం పుణికి పంపించింది.

కామాక్షి గారు పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను ఆగలేక, "మేడమ్, గోలీలు సరిగ్గ ఏసుకుంటలేదేమోనని..." అన్నాను.

"లేదమ్మా, వేసుకుంటోంది. ఈ కాగితమే చెబుతోంది" అన్నారావిడ. పెన్నుతో ఒక అంకె మీద తట్టారు. "విటమిన్ డి చూడు. పదకొండు నుంచి ముప్పై ఒకటికి వచ్చింది. ఇంత శ్రద్ధగా ఆదివారం పొడి వేసుకున్న మనిషి, రోజూ వేసుకునే మాత్రలు పారేస్తుందా? ఇప్పుడు ఫెరిటిన్ చూడు. ఆరు ఉండేది, నలభై రోజులు ఐరన్ వేసుకున్నా ఏడే. టీఎస్‌హెచ్ పదిహేను. అంటే నోట్లోకి పోతోంది, ఒంటికి పట్టడం లేదు. గీతికా, ఏది ఎప్పుడు వేసుకుంటున్నావు?"

వదిన డబ్బా తెరిచి ఒక పొట్లం టేబుల్ మీద పెట్టింది. కామాక్షి గారు మడత విప్పారు. చిన్న తెల్ల గోలీ, ఎర్ర గోలీ, పెద్ద తెల్ల గోలీ.

"మూడూ ఒకేసారా?"

"అవునండీ. పొద్దున్నే పాలతో."

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఐరన్, క్యాల్షియం పక్కన ఉంటే థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంట్లోకి పోనివ్వవు. క్యాల్షియం ఐరన్‌ను కూడా సరిగ్గా పట్టనివ్వదు. పైగా పాలు. థైరాయిడ్ మాత్ర ఒక్కటే, ఉత్త నీళ్ళతో వేసుకోవాలి. మిగతావాటికి నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. అందుకే కదా నేను వేరువేరుగా రాసిచ్చింది! ఎవరు కట్టారివి?"

కాగితం మీద నా రాత. 'శుక్రవారం' అని, కింద 'పరగడుపు' అని. ల్యాబులో ట్యూబుల మీద రాసే గుండ్రటి అక్షరాలు.

"నేనేనండీ" అంది వదిన. "గుర్తుంటుందని కలిపి కట్టుకున్నా."

నేను నోరు తెరవలేదు.

ఈ కథంతా రాస్తున్నది ఆ క్షణాన నోరు మూసుకున్నానని ఒప్పుకోవడానికే. గల్లీ అంతటికీ రిపోర్టులు చదివిపెట్టే ప్రవీణ, ఎదుటి మనిషిని అబద్ధాలకోరు అన్న ప్రవీణ, తనవంతు వచ్చేసరికి కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. కామాక్షి గారు కాగితం వంకా నా వంకా చూసి, వదినను బల్ల మీద పడుకోమన్నారు.

వదిన పొట్ట మీద పరికరం పెట్టి వినిపించారు. టకటకా గుండె చప్పుడు. "ఇప్పటికి బాగానే ఉంది. డోసు పెంచుతున్నాను. కానీ ఇన్ని రోజులు బిడ్డకు అందాల్సింది తక్కువ పడి ఉండొచ్చు. పుట్టిన మూడో రోజు బిడ్డకు కూడా థైరాయిడ్ పరీక్ష చేయించాలి. అప్పటిదాకా నేనేమీ గట్టిగా చెప్పలేను" అన్నారు.

* * *

ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. కనకమహాలక్ష్మి గారు వదిన బట్టలు సర్ది బ్యాగు గుమ్మం దగ్గర పెట్టేశారు. వదిన కూర్చుని జరిగింది చెప్పింది. పొట్లాలు తనే కట్టుకున్నానంది.

అమ్మకు కోపం ఆగలేదు. "గంత సదువుకున్నవ్, గట్లెట్ల కట్టుకుంటివి బిడ్డా? డాక్టరమ్మ రాసిచ్చినంక నీ తెలివెందుకు?"

వదిన తల దించుకుంది. నా పాపానికి ఆమె తిట్లు తింటుంటే ఇంక నిలబడలేకపోయాను.

"నేను కట్టిన అమ్మా" అన్నాను. "వదిన అడిగింది, మధ్యాహ్నం కదా అని. నేనే ఇనలే."

అన్న నా వంక చూశాడు. అరుస్తాడనుకున్నాను, కొట్టినా పడేదాన్ని.

"నిన్న ఆమెను ఏమన్నవో యాదికుందా?" అన్నాడు. అంతే. బ్యాగు తీసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ రోజు మాత్రమే కాదు, నెలల తరబడి. ఒకే ఇంట్లో ఉంటూ ఉప్పు కావాలన్నా అమ్మనే అడిగేవాడు.

గేటు దగ్గర వదిన చెయ్యి పట్టుకున్నాను. "డాక్టరమ్మ ముంగట ఎందుకట్ల చెప్పినవ్?"

"నువ్వు అవన్నీ నా కోసమే కదా కట్టావు" అంది. "కట్టినందుకు నాకు కోపం లేదు. ఉమ్మేశానన్నావు చూడు, అది మాత్రం..." ఆ మాట పూర్తి చేయకుండా వెళ్ళి, అన్న ఎలాగో పట్టుకొచ్చిన ఆటో ఎక్కింది.

సమ్మె ముగిసింది. బస్సులు రోడ్డెక్కాయి. గల్లీలో రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్ళతో "డాక్టరుకు చూపెట్టున్రి" అని చెప్పడం మొదలుపెట్టాను. నాకు పొగరెక్కిందన్నారు. ఆ మాటా పడ్డాను.

నెల తిరిగాక ఒక పొద్దున వదిన ఒక్కతే ల్యాబుకు వచ్చింది. ఉప్పల్‌లో వాళ్ళింటి దగ్గర ఇంకో రెండు ల్యాబులున్నాయి. వాటిని దాటుకుని వచ్చి నా ముందు కూర్చుని మోచెయ్యి చాపింది.

"నువ్వే తియ్యి" అంది.

మోచేతి పైన పట్టీ కట్టాను. అప్పుడు అడిగాను, అన్నాళ్ళూ నేను ఎవరినీ అడగని ప్రశ్న. "గోలీలు ఎట్ల ఏసుకుంటున్నవ్ వదినా?"

ఆమె సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి చూపించింది. లోపల పొట్లాలు. నా రాతే, 'సోమవారం', 'మంగళవారం'. నలిగిన మడతల మీదే మళ్ళీ మడతలు. ఒకటి విప్పాను. లోపల ఒక్క గోలీయే ఉంది, థైరాయిడ్‌ది.

"కొత్త కాగితాలు కత్తిరించబుద్ధి కాలేదు. నీ రాత చూసి వేసుకోవడం అలవాటైపోయింది" అంది వదిన.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి నరం తప్పింది. "ఫర్వాలేదు, ఇంకోసారి పొడువు" అని ఆమే ధైర్యం చెప్పింది. రెండోసారి దొరికింది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ రెండు పాయింట్ తొమ్మిది. ఫెరిటిన్ పద్దెనిమిది. నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా కవరులో పెట్టి కామాక్షి గారికి పంపించాను.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రికి వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చాను. మూడో రోజు మడమ దగ్గర పొడిచి రక్తం తీస్తారని తెలుసు. ఆ రోజు ల్యాబులో ఏ సాంపిల్ పట్టుకున్నా ఆ పాదమే గుర్తొచ్చింది. తర్వాతి రెండు రోజులూ అన్నం సయించలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం అన్న ల్యాబుకు వచ్చాడు. ఖాకీ డ్రెస్సులోనే ఉన్నాడు, టికెట్ల సంచి భుజానే ఉంది. కవరు నా టేబుల్ మీద పెట్టాడు.

"సూడు" అన్నాడు. అయిదు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నేను కవరు ముట్టుకోలేదు. "నేను చెప్ప అన్నా. డాక్టరమ్మకు చూపెట్టు."

"ఆమె సూసింది. బిడ్డ మంచిగనే ఉన్నదట, ఏం ఫికర్ లేదన్నది." కవరు నా వైపు జరిపాడు. "నువ్వు కూడ సూడాలె గదా అని తెచ్చిన."

కాగితం విప్పాను. కళ్ళ నిండా నీళ్ళు, అంకెలు ఒక్కటీ కనపడలేదు. పైన పేరు దగ్గర మాత్రం కనపడింది, 'బేబీ ఆఫ్ గీతిక' అని.